పారేసిన పందుంపుల్ల

పొద్దున్నే లేచి అందరూ చేసే మొదటి పనికి చరిత్ర రాసినవాళ్ళు తక్కువ. ఏ రాజు ఏ కోట గెలిచాడో, ఏ గుడికి ఎన్ని మాన్యాలిచ్చాడో శాసనాల్లో ఉంటుంది. ఆ రాజుగారు పళ్ళు దేంతో తోముకున్నారో, తోముకున్నాక దాన్ని ఎక్కడ పారేశారో శాసనాలు చెప్పవు. నా చేత ఈ వ్యాసం రాయించింది ఆ రెండో ప్రశ్నే. దేంతో తోముకున్నాం అన్నది సరే, తోముకున్నాక అది ఎక్కడికి పోయింది?

ఈ ప్రశ్న పుట్టడానికి నా వృత్తి కూడా కొంత కారణం. ఇరవయ్యేళ్ళకు పైగా అమెరికాలో కంప్యూటర్ల మీద బతుకుతున్నాను. మా వాళ్ళం ఒక సిస్టమ్ ఎలా మొదలవ్వాలో వందల పేజీలు రాస్తాం. దాన్ని ఎప్పుడు, ఎలా ఆపెయ్యాలో చెప్పే పేజీ మాత్రం ఖాళీగా ఉంటుంది. ప్రోగ్రాము నడవడానికి కొంత మెమొరీ తీసుకుంటుంది, పనయ్యాక తిరిగి ఇచ్చెయ్యాలి. ఇవ్వకపోతే మొదట్లో ఏమీ తెలియదు. అంతా బాగానే ఉన్నట్టుంటుంది. కొన్నాళ్ళకి ఓ అర్ధరాత్రి మిషను మొత్తం నిలిచిపోతుంది. దీన్ని మేం మెమొరీ లీక్ అంటాం. టూత్ బ్రష్షు చరిత్ర చదువుతుంటే నాకు అచ్చం అలాంటి లీకే కనిపించింది.

ముందు మన పుల్ల సంగతి చూద్దాం. మా తాతయ్యది దర్శి దగ్గర పల్లెటూరు. దొడ్లో వేపచెట్టు నుంచి చిటికెనవేలంత లావు పుల్ల విరిచి, ఆకులు దూసి, కొస నమిలి కుంచెలా చేసుకుని, అరుగు మీద కూచునేవారు. ఊళ్ళో కబుర్లన్నీ అయ్యేదాకా తోమడమే. చివర్లో పుల్లని నిలువునా చీల్చి, ఆ బద్దతో నాలిక గీసుకుని, పెంటకుప్ప మీదకి విసిరేసేవారు. ఆ పెంట వేసవిలో బండ్లమీద పొలానికి పోయేది. దాని పేరు పందుంపుల్ల. కొన్ని ఊళ్ళలో వేప, కొన్ని ఊళ్ళలో కానుగ, ఇంకొన్ని చోట్ల ఉత్తరేణి. పుల్ల దొరకనివాళ్ళకి బొగ్గు, ఉప్పు, కచ్చిక బూడిద. ఇందులో డబ్బు పెట్టి కొన్నది ఒక్క ఉప్పే.

ఇదేదో పల్లెటూరి అలవాటు అనుకోకండి. చరక సంహిత రోజుకి రెండుసార్లు పళ్ళు తోముకోమని చెబుతుంది. కారం, చేదు, వగరు రుచులున్న పుల్లలు మంచివంటుంది. కానుగ, గన్నేరు, జిల్లేడు, జాజి, మద్ది ఆ జాబితాలో ఉన్నాయి. (గన్నేరు, జిల్లేడు విషపు మొక్కలు. చరకుడి పేరు చెప్పి ఎవరూ ప్రయత్నించకండి.) సుశ్రుత సంహిత చేదు పుల్లల్లో వేపనీ, వగరువాటిలో చండ్రనీ, కారంవాటిలో కానుగనీ మేలైనవంటుంది. పొడవు పన్నెండు వేళ్ళ వెడల్పు, లావు చిటికెనవేలంత. అంటే మా తాతయ్య విరిచిన పుల్ల కొలత ఆయన సొంతం కాదన్నమాట.

నాకు అన్నిటికన్నా నచ్చిన సాక్షి చైనా యాత్రికుడు ఇత్సింగ్. క్రీ.శ. 671లో బయల్దేరి వచ్చి, నలందాలో పదేళ్ళున్నాడు. మన దేశపు భిక్షువుల నడవడి గురించి రాసిన పుస్తకంలో పంటిపుల్లకి ఏకంగా ఒక అధ్యాయం ఇచ్చాడు. పుల్ల పొడవెంత, ఎలా నమలాలి, ఎలా చీల్చి నాలిక గీసుకోవాలి, అన్నీ రాశాడు. తరవాత పారెయ్యడానికీ ఒక నియమం చెప్పాడు. పుల్ల పారేసేముందు మూడుసార్లు చిటిక వెయ్యాలట, లేదా దగ్గాలట. అలా చప్పుడు చెయ్యకుండా పారేస్తే దోషం. మా సాఫ్టువేరు వాళ్ళు ఖాళీగా వదిలేసే పేజీని ఏడో శతాబ్దపు భిక్షువులు నింపిపెట్టారు. నేలలో కలిసిపోయే పుల్లకే అంత పట్టింపు!

మరి పుల్ల పోయి బ్రష్షు ఎలా వచ్చింది? జపాను బౌద్ధ గురువు డోగెన్ 1223లో చైనా వెళ్ళాడు. అక్కడి భిక్షువులు పంటిపుల్లని దాదాపు మరిచిపోవడం చూసి బాధపడ్డాడు. ఎద్దు కొమ్ము పిడికి గుర్రపు తోక వెంట్రుకలు నాటి, దాంతో పళ్ళు తోముకునేవాళ్ళని చూసి, అది శుభ్రమైన పనిముట్టు కాదని రాసిపెట్టాడు. బ్రష్షు మీద వచ్చిన మొదటి విమర్శల్లో అదొకటి అనుకోవచ్చు. తరవాతి కాలంలో చైనాలో గుర్రపు వెంట్రుక స్థానంలో పంది వెంట్రుక వచ్చింది. గట్టిగా, నిటారుగా నిలబడుతుంది కదా.

ఐరోపాలో ఈ వ్యాపారాన్ని పెద్దయెత్తున మొదలుపెట్టింది విలియం ఆడిస్ అనే ఆంగ్లేయుడు. అల్లర్ల కేసులో జైలుకెళ్ళి, భోజనంలో మిగిలిన ఎముక ముక్కకి బెజ్జాలు పొడిచి, వెంట్రుకలు గుచ్చి బ్రష్షు చేశాడని ఒక కథ ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా, 1780 ప్రాంతంలో ఆయన లండన్‌లో పెట్టిన వ్యాపారం మాత్రం తరాల తరబడి నడిచింది. అమెరికాలో టూత్ బ్రష్షుకి మొదటి పేటెంటు 1857లో వాడ్స్‌వర్త్ అనే ఆయనకి దక్కింది. ఎముక పిడి, పంది వెంట్రుక. మన ఇళ్ళల్లో అలాంటిది ఎవరు నోట్లో పెట్టుకుంటారు? ఒక మతానికి ఎముక అభ్యంతరం, ఇంకో మతానికి పంది అభ్యంతరం. ఇవన్నీ ఎంత అసహ్యంగా అనిపించినా ఒక్క మాట ఒప్పుకోవాలి. ఎముకా వెంట్రుకా ఆలస్యంగానైనా మట్టిలో కలిసేవే.

ఇక్కడ కథ మా న్యూజెర్సీకి వస్తుంది. జాన్ వెస్లీ హయట్ కంపెనీ 1870లలో నెవార్క్‌లో సెల్యులాయిడ్ తయారు చెయ్యడం మొదలుపెట్టింది. దువ్వెనలు, కాలర్లు, బొత్తాలు, ఆ వరసలోనే బ్రష్షు పిడులూ ఎముక వదిలి సెల్యులాయిడ్‌కి మారాయి. నెవార్క్ పక్కనే ఆర్లింగ్టన్‌లో ఇలాంటిదే మరో కంపెనీ ఉండేది. దాన్ని 1915లో డూపాంట్ కొనుక్కుంది. 1935 ఫిబ్రవరి 28న డెలవేర్‌లోని డూపాంట్ ప్రయోగశాలలో వాలెస్ కెరోథర్స్ బృందం నైలాన్ తయారు చేసింది. నైలాన్ అనగానే అందరికీ ఆడవాళ్ళ మేజోళ్ళు గుర్తొస్తాయి. అవి దేశమంతటా అమ్మకానికొచ్చింది 1940 మే నెలలో. అంతకు రెండేళ్ళ ముందే, 1938 ఫిబ్రవరి 24న, నైలాన్ కుచ్చుతో డాక్టర్ వెస్ట్స్ మిరకిల్ టఫ్ట్ అనే టూత్ బ్రష్షు బజార్లోకి వచ్చింది. నైలాన్ మొదట అమ్ముడుపోయింది పళ్ళు తోముకోవడానికే! దానికి కావలసిన నైలాన్ పోచలు తయారైంది ఆ ఆర్లింగ్టన్ ఫ్యాక్టరీలోనే. కెరోథర్స్ ఇదంతా చూడలేదు. అంతకు ముందు సంవత్సరమే చనిపోయాడు.

నైలాన్‌ని తిట్టడం తేలిక. కానీ అది చేసిన మేలు చిన్నది కాదు. పంది వెంట్రుక త్వరగా ఆరదు, ఊడి నోట్లోకి వస్తుంది, సూక్ష్మజీవులకి మంచి ఇల్లు. నైలాన్ త్వరగా ఆరుతుంది, ఏ మతానికీ అభ్యంతరం లేదు, చవక. పేదవాడికి కూడా బ్రష్షు అందింది దీనివల్లే. చిక్కల్లా ఒకటే. మూడు నెలల పనికి వందల ఏళ్ళు నిలిచే పదార్థాన్ని వాడటం. నైలాన్ పుట్టి ఇంకా నూరేళ్ళు కాలేదు. మట్టిలో అది ఎన్నాళ్ళుంటుందో చివరిదాకా కూచుని చూసినవాళ్ళు ఎవరూ లేరు.

బ్రష్షు కథ ఇదైతే, పేస్టు ట్యూబుది ఇంకో కథ. నొక్కితే బయటికొచ్చే లోహపు ట్యూబుని 1841లో జాన్ గాఫ్ ర్యాండ్ అనే చిత్రకారుడు రంగుల కోసం కనిపెట్టాడు. 1892లో కనెక్టికట్‌లో షెఫీల్డ్ అనే దంతవైద్యుడు అందులో పేస్టు నింపి అమ్మాడు. 1896లో కాల్గేట్ వాళ్ళు అందుకున్నారు. ఆ ట్యూబుల్లో తగరం ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను మలయానీ, డచ్చి వాళ్ళ ఇండోనేషియా దీవుల్నీ పట్టుకోగానే అమెరికాకి తగరం కరువొచ్చింది. దాంతో 1942 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం ఒక నియమం పెట్టింది. కొత్త పేస్టు ట్యూబు కావాలంటే పాత ఖాళీ ట్యూబు కొట్లో ఇచ్చి తీరాలి. పేస్టుదే కానక్కర్లేదు, గడ్డం క్రీము ట్యూబైనా సరే. ఖాళీ సీసా ఇస్తేనే సోడా ఇచ్చే మన ఊరి కొట్టు పద్ధతి అన్నమాట. జనం చచ్చినట్టు తెచ్చిచ్చారు. యుద్ధం అయిపోయాక ఆ నియమమూ పోయింది, ఆ అలవాటూ పోయింది. ఈ దేశంలో ఇవన్నీ సాధ్యం కావు అని ఎవరైనా అంటే నాకు 1942 గుర్తొస్తుంది.

మన వైపు ఈ మార్పు నెమ్మదిగా వచ్చింది. పుల్లకీ పేస్టుకీ మధ్యలో పళ్ళపొడి కాలం ఒకటి నడిచింది. కోతిమార్కు నల్లపొడి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కర్ణాటక నుంచి నంజన్‌గూడ్ పళ్ళపొడి వచ్చేది. 1916లో మొదలైన కలకత్తా కెమికల్ కంపెనీ, మార్గో సబ్బుతో పాటు వేప టూత్ పేస్టు కూడా చేసింది. చెట్టు మీద ఊరికే దొరికే వేప ట్యూబులోకి ఎక్కింది అప్పుడే. పళ్ళపొడి డబ్బా అయిపోతే చిల్లర డబ్బులకో, గుండుసూదులకో పనికొచ్చేది. 1980లలో మా ఇంట్లోకి బ్రష్షులు వచ్చాక కూడా ఆ బుద్ధి పోలేదు. అరిగిన బ్రష్షుతో ముందు దువ్వెనల మురికి, తరవాత కుట్టుమిషను దుమ్ము, ఆ పైన నాన్నగారి జుట్టుకి రంగు. చివరికి కుచ్చు మొత్తం ఊడిపోయాక మా అమ్మ ఆ పిడితో లంగాకి బొందు ఎక్కించేది. రీసైక్లింగ్ అనే మాట మాకు తెలియదు, పని మాత్రం తెలుసు. అయితే ఆ పిడికి కూడా ఒక ఆఖరి రోజు వచ్చింది. పెంటకుప్ప మీద పడింది. పొలానికీ వెళ్ళింది. నాగలి కింద చెక్కుచెదరకుండా మళ్ళీ బయటికొచ్చింది.

ఇంతవరకూ చదివి, అయితే మళ్ళీ వేపపుల్లకి పోదాం అంటారేమో. నేనలా అనను. దానికి కారణం మా తాతయ్య పళ్ళే. జీవితమంతా వేపపుల్లతో తోమారు, పళ్ళు గట్టివే. కానీ వాటిమీద గోధుమరంగు చారలుండేవి. ఆ ఊళ్ళో చాలామందికి అంతే. ఏ పుల్లతో తోమినా అవి పోలేదు, ఎందుకంటే అది మురికి కాదు, నీళ్ళు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతమంతా అప్పట్లో నెల్లూరు జిల్లా, 1970లో ఏర్పడ్డ కొత్త జిల్లాలో కలిసింది. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీ వైద్యులు నెల్లూరు జిల్లా పల్లెల్లో పళ్ళ మీద మచ్చలూ, వంగని వెన్నుపూసలూ చూసి, నీళ్ళలోని ఫ్లోరైడే కారణమని ప్రకటించారు. మన దేశంలో మనుషుల్లో ఈ జబ్బు మీద వచ్చిన తొలి నివేదికల్లో అది ఒకటి. తరవాత నల్గొండ పేరు దీనితో ముడిపడిపోయింది. నీళ్ళలోంచి ఫ్లోరైడు తీసే పటిక, సున్నం పద్ధతికి కూడా నల్గొండ పేరే పెట్టారు.

చిత్రం ఏమిటంటే అదే ఫ్లోరైడుకి అమెరికాలో మరో ముఖం ఉంది. 1901లో కొలరాడో స్ప్రింగ్స్‌కి వచ్చిన మెకే అనే కుర్ర దంతవైద్యుడు అక్కడివాళ్ళ పళ్ళ మీద ఇలాంటి మచ్చలే చూశాడు. ఆ మచ్చలున్న పళ్ళు పుచ్చడం తక్కువని కూడా గమనించాడు. 1931లో కారణం తేలింది, ఫ్లోరైడ్. ఎక్కువైతే జబ్బు, కొద్దిగా ఉంటే పంటికి రక్ష. 1945లో మిషిగన్‌లోని గ్రాండ్ ర్యాపిడ్స్ ఊరి నీళ్ళలో దాన్ని కొలిచి కలిపారు. 1950లలో పేస్టులోకీ వచ్చింది. చక్కెర తక్కువ తిన్న మా తాతయ్యకి పుల్ల సరిపోయింది. పొద్దున లేస్తే తీపి సీరియల్, సాయంత్రం సోడా తాగే ఇక్కడి మన పిల్లలకి ఫ్లోరైడ్ పేస్టు అవసరం. పుల్లలో అది రాదు. పర్యావరణం పేరు చెప్పి పిల్లల పళ్ళు పుచ్చబెట్టుకోమని నేను సలహా ఇవ్వలేను. బొగ్గుపొడి కూడా మళ్ళీ ఫ్యాషనైంది. అది పంటి పైపూతని అరగదీస్తుందని దంతవైద్యులు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు.

మరి మధ్యేమార్గం వెతికినవాళ్ళు లేరా? ఉన్నారు. మెయిన్ రాష్ట్రంలో టామ్, కేట్ చాపెల్ దంపతులు 1970లో టామ్స్ ఆఫ్ మెయిన్ పెట్టి, 1975లో సహజ పదార్థాల పేస్టు తెచ్చారు. 2006లో కాల్గేట్ దాన్ని కొనేసింది. 1996లో మసాచుసెట్స్‌లో ఎరిక్ హడ్సన్ రీసైక్లైన్ అనే కంపెనీ పెట్టి, వాడి పారేసిన పెరుగు డబ్బాల ప్లాస్టిక్కుతో బ్రష్షు పిడులు చేశాడు. వాడాక పోస్టులో తిరిగి పంపిస్తే దాన్ని మళ్ళీ మరో వస్తువు చేసే ఏర్పాటు. 1942 నాటి ట్యూబు పద్ధతే, కాకపోతే చట్టం బదులు మనస్సాక్షి. పేస్టు ట్యూబు తగరం వదిలాక ప్లాస్టిక్కు, అల్యూమినియం పొరలు అతికించిన ట్యూబులొచ్చాయి. ఆ పొరల్ని విడదియ్యడం కష్టం. 2019లో కాల్గేట్ పాలడబ్బాలు చేసే ప్లాస్టిక్కుతోనే ట్యూబు తయారు చేసి, ఆ విద్య పోటీ కంపెనీలకి కూడా చెబుతానంది. మంచి పనే. కానీ మీ ఊరి రీసైక్లింగ్ వాళ్ళు తీసుకుంటేనే దానికి విలువ.

బ్రష్షుతో చిక్కు ఇంకా ఎక్కువ. పిడి ఒక ప్లాస్టిక్కు, పట్టుకునే చోట రబ్బరులాంటి ఇంకో పదార్థం, కుచ్చు నైలాన్, ఆ కుచ్చుని మధ్యకి మడిచి బిగించే సన్నని లోహపు ముక్క. నాలుగూ కలిసిపోయి ఉంటాయి. నీలం డబ్బాలో వేసినా, సార్టింగ్ మిషన్ల సందుల్లోంచి జారి చెత్తలోకే పోతుంది. దంతవైద్యులు మూడు నాలుగు నెలలకోసారి మార్చమంటారు. ఏడాదికి తలా మూడు అనుకున్నా, ముప్ఫై మూడు కోట్ల పైచిలుకు జనాభా ఉన్న ఈ దేశానికి ఏటా వంద కోట్ల బ్రష్షులు. ఇది నా సొంత లెక్క. అందరూ వైద్యుల మాట వింటే ఇంత. వినకపోయినా ఓ సగం ఖాయం.

వెదురు బ్రష్షులు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి. పిడి వెదురే, కుచ్చు చాలావాటిలో నైలానే. కుచ్చు పీకి పారేసి పిడిని మట్టిలో వెయ్యాలి. కొందరు ఆముదం నుంచి తీసిన నైలాన్ అని గొప్పగా రాస్తారు. నిజమే, ఆముదం నుంచి కొన్ని రకాల నైలాన్ చెయ్యొచ్చు. కానీ మొక్క నుంచి పుట్టినంతమాత్రాన మట్టిలో కలవాలని లేదు. పుట్టుక వేరు, పోక వేరు. లేబుల్ మీద పుట్టుక పెద్ద అక్షరాలతో ఉంటుంది, పోక గురించి ఉండదు.

2020లో బ్రిటిష్ డెంటల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. మామూలు ప్లాస్టిక్కు బ్రష్షు, తల మాత్రం మార్చే ప్లాస్టిక్కు బ్రష్షు, వెదురు బ్రష్షు, కరెంటు బ్రష్షు నాలుగింటినీ తయారీ నుంచి పారవేత దాకా లెక్కగట్టారు. వెదురూ, తల మార్చేదీ మెరుగని తేలింది. కరెంటుది అన్నిటికన్నా బరువు, వెదురుతో పోలిస్తే వాతావరణం మీద పదకొండు రెట్లు. అయితే వెదురే ఆఖరి జవాబని కూడా వాళ్ళు అనలేదు. వాడిన ప్లాస్టిక్కుని మళ్ళీ మళ్ళీ బ్రష్షుగానే తిప్పగలిగితే అదే మేలన్నారు. నాకిది చాలా నచ్చింది. పదార్థం ఏదన్నది కాదు, తిరిగి వచ్చే దారి ఉందా లేదా అన్నదే అసలు సంగతి. పుల్లకి ఆ దారి నేల వేసిపెట్టింది. నైలాన్‌కి మనం వెయ్యాలి.

1930లో యరవాడ జైల్లో గాంధీగారితో పాటు కాకా కలేల్కర్ ఉన్నారు. రోజూ వేపపుల్ల తెచ్చి, కొస నలగ్గొట్టి గాంధీగారికి ఇచ్చేవారు. వాడిన కొస మాత్రం కోసేసి, అదే పుల్లని రేపూ వాడమన్నారట గాంధీగారు. ఇక్కడ కావలసినన్ని పుల్లలున్నాయి కదా అని కలేల్కర్ అంటే, ఉన్నాయని తనకీ తెలుసనీ, పూర్తిగా ఎండిపోయేదాకా పారేసే హక్కు మాత్రం మనకి లేదనీ ఆయన అన్నారని కలేల్కరే రాశారు. ఆ పుల్ల పారేస్తే భూమికి వచ్చే నష్టం ఏమీ లేదు. అయినా హక్కు అనే మాట వాడారు. ఊరికే దొరికేదాని మీద కూడా మనకి పూర్తి హక్కు లేదన్న ఆలోచన, నేను చదివిన ఏ రీసైక్లింగ్ పత్రంలోనూ లేదు.

వారాంతపు తెలుగు బడిలో పిల్లలకి పందుంపుల్ల అనే మాట తెలియదు. తెలియకపోతే కొంప మునిగేదేమీ లేదు, వస్తువు పోతే మాటా పోతుంది. వాళ్ళకి నేర్పాల్సింది పుల్ల కాదు, పుల్ల అడిగిన ప్రశ్న. ఏ వస్తువు కొన్నా, నీతో పనయ్యాక ఇది ఎక్కడికి పోతుంది అని కొనేటప్పుడే అడగడం. బ్రష్షు కంపెనీని అడగొచ్చు, ఊరి మునిసిపాలిటీని అడగొచ్చు, నాలాంటి కంప్యూటర్ల వాణ్ణి కూడా అడగొచ్చు. జవాబు లేనివాళ్ళు ఆ ఖాళీ పేజీ నింపుకుని రావాలి. ఇత్సింగ్ కాలంలో మూడు చిటికెలు వేసి మరీ పారేశారు. ఇప్పుడు చప్పుడు లేకుండా పారేస్తున్నది ఏడాదికి వంద కోట్లు.